ఒంట్లో పెట్టే లోహానికి కాగితం ఇవ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారం. కాల్లో ప్లేటో, తొడలో రాడ్డో, కొత్త మోకీలో ఉన్న మనుషులు ఈ రోజుల్లో చాలా కుటుంబాల్లో ఉన్నారు. వాళ్ళలో ఎవరినైనా అడిగి చూడండి: ఒంట్లో ఉన్నది ఏ లోహం, ఎవరు తయారు చేశారు, బ్యాచ్ నంబరెంత? "స్టీలేనంటండీ" అంటారు, లేదా "టైటానియం అన్నారండీ" అంటారు. కాగితం తీసి చూపించగలిగేవాళ్ళు చాలా తక్కువమంది. ఆ కాగితం ప్రతి రోగి చేతికీ అందాలని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఒంట్లో పెట్టిన లోహం తుప్పు పడుతుందా లేదా అన్నది ఆపరేషన్ అయిన రోజున తెలియదు. ఏళ్ళు గడిచాక బయటపడుతుంది. అప్పటికి చేతిలో కాగితం లేకపోతే ఎవరిని అడగాలో కూడా తెలియదు.

విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బయటినుంచి వచ్చిన పైపులు, వాల్వులు, బోల్టులు నిజంగా ఆర్డరులో రాసిన లోహంతోనే చేశారా అని తనిఖీ చేయడం నా ఉద్యోగం. ఉక్కు కరిగించిన ప్రతి విడతకీ ఒక నంబరు ఉంటుంది. హీట్ నంబరు అంటాం. ఆ నంబరు, దానికి సరిపడే టెస్ట్ సర్టిఫికెట్ లేకుండా వచ్చిన సరుకును మేం స్టోర్సులోకి రానిచ్చేవాళ్ళం కాదు. ఆమ్లం పారే పైపులో ఒక్క బోల్టు తేడా వచ్చినా ప్రమాదమే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు.

మా అక్క విజయనగరంలో ఉంటుంది. మెట్ల మీద జారిపడి మోకాలి కింద ఎముక విరిగితే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ప్లేటు వేశారు. ఎముక చక్కగా అతుక్కుంది. ఆపరేషన్ చేసిన డాక్టరుగారి పనితనానికి వంక పెట్టడానికి లేదు. కొన్నేళ్ళు హాయిగా తిరిగింది. ఆ తర్వాత ప్లేటు ఉన్నచోట రాత్రిళ్ళు సలుపు మొదలైంది. ఎక్స్‌రేలో ఒక స్క్రూ చుట్టూ ఎముక పలచబడినట్టు కనిపించింది. రక్త పరీక్షలు చేస్తే ఇన్ఫెక్షన్ లేదన్నారు. ఈలోగా నడుం నొప్పికి ఎమ్మారై తీయించమన్నారు. స్కానింగ్ సెంటర్లో మొదటి ప్రశ్నే "కాల్లో ఏ మెటల్ ఉందమ్మా?" అని. డిశ్చార్జి సమ్మరీలో "ప్లేటు, స్క్రూలు" అని మాత్రమే ఉంది. బిల్లులో "ఇంప్లాంట్స్" (అంటే ఒంట్లో పెట్టే పరికరాలు) అని ఒక లైను, దాని ఎదురుగా మొత్తం. అంతే. ఏ లోహమో తెలియకుండా స్కాన్ తీయలేమని వెనక్కి పంపేశారు. ఎమ్మారై యంత్రమంటే బలమైన అయస్కాంతం కాబట్టి వాళ్ళు చేసింది సరైన పనే.

చివరికి ఇంకో డాక్టరుగారు ప్లేటు తీసేశారు. ఆ స్క్రూ చుట్టూ ఉన్న కండ నల్లబారి ఉందని కాగితం మీద రాసిచ్చారు. మా బావ అడిగి ప్లేటునీ స్క్రూలనీ పాలిథిన్ కవర్లో తెచ్చుకున్నాడు.

నేను వాటిని స్పిరిట్‌తో తుడిచి, కిటికీ దగ్గర తెల్లకాగితం మీద పరిచి భూతద్దంతో చూశాను. ప్లేటు చాలామేర అద్దంలా మెరుస్తోంది. ఒక్క రంధ్రం చుట్టూ మాత్రం, స్క్రూ తల కూర్చునే గుంటలో, ఉంగరంలా ఒక మసక చార. అందులో గోధుమరంగు మరక. భూతద్దం దగ్గరగా పెడితే ఆ చారలో సూదిమొనతో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు. అందులో బిగించిన స్క్రూ తలను తిప్పి చూస్తే కిందివైపు గరుకుగా, కొరికేసినట్టుంది. మిగతా స్క్రూలు కొత్తవాటిలా ఉన్నాయి. పాత అలవాటు కొద్దీ అయస్కాంతం దగ్గర పెట్టాను. ప్లేటు కదల్లేదు. మంచి స్క్రూలూ కదల్లేదు. ఆ ఒక్క స్క్రూ మెల్లగా జరిగి వచ్చి అంటుకుంది.

ఇంప్లాంట్ గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి అంటుకోకూడదు. అయస్కాంతం ఒక సూచన ఇస్తుందే గానీ పూర్తి పరీక్ష కాదు. అందుకని ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీలో పనిచేస్తున్న నా పాత సహోద్యోగి దగ్గరికి తీసుకెళ్ళాను. లోహం మీద ఆనించి మీట నొక్కితే ఏ మూలకం ఎంత ఉందో చూపించే గన్ వాళ్ళ దగ్గర ఉంటుంది. ప్లేటులోనూ మంచి స్క్రూలలోనూ మాలిబ్డినం అనే లోహం రెండున్నర శాతం దాటి ఉంది. చెడిపోయిన స్క్రూలో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం, మాలిబ్డినం దాదాపు లేదు. వంటపాత్రలకు, సింకులకు వాడే రకం అది. మంచి స్టీలే, కాకపోతే ఒంట్లో పెట్టే స్టీలు కాదు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో కాస్త వివరంగా చెప్పనివ్వండి. ఒంట్లో పెట్టడానికి వాడే స్టీలును 316ఎల్ అంటారు. అందులోనూ ఇంప్లాంట్ల కోసం ప్రత్యేకంగా శుద్ధి చేసిన రకం ఉంటుంది. దాంట్లో క్రోమియం 17 నుంచి 19 శాతం, నికెల్ 13 నుంచి 15, మాలిబ్డినం 2.25 నుంచి 3 శాతం ఉండాలి. కార్బన్ 0.03 శాతం మించకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని పైన తనంతట తానే ఏర్పడే క్రోమియం ఆక్సైడ్ పొర. కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే ఉంటుంది. గీరుకుపోయినా, ఆక్సిజన్ అందితే క్షణంలో మళ్ళీ కట్టుకుంటుంది. ఆ పొరకు అసలు శత్రువు ఉప్పులో ఉండే క్లోరైడు. విశాఖ బీచ్ రోడ్డు ఇళ్ళలో కిటికీ ఊచలు ఎంత త్వరగా తుప్పు పడతాయో మా ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. మన రక్తంలోనూ, కణాల చుట్టూ ఉండే ద్రవంలోనూ అదే ఉప్పు ఉంది. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ 0.9 శాతం ఉప్పునీరే కదా. పైగా ఒంట్లో వేడి ఎప్పుడూ 37 డిగ్రీలు. ఆపరేషనయిన కొత్తలో గాయం చుట్టూ ఆమ్లగుణం కూడా పెరుగుతుంది.

స్క్రూ తల, ప్లేటు కలిసేచోట సందు ఉంటుంది. అందులోకి ద్రవం దూరుతుంది, ఆక్సిజన్ మాత్రం సరిగా చేరదు. పొర చెదిరితే మళ్ళీ కట్టుకోవడానికి ఊపిరాడదు. లోహం కొద్దికొద్దిగా కరుగుతుంది, క్లోరైడు అక్కడే పోగవుతుంది, లోపల ఆమ్లం తయారవుతుంది, కరగడం ఇంకా వేగమవుతుంది. దీనికి తోడు రాపిడి. మామూలుగా నడిచే మనిషి ఏడాదిలో ఒక్కో కాలి మీద సుమారు పది లక్షల సార్లు బరువు మోపుతాడు. మోపినప్పుడల్లా స్క్రూ తల కంటికి కనిపించనంత కదిలి ఆ పొరను గీరుతుంది. మాలిబ్డినం ఉన్న స్టీలు ఈ దాడిని చాలావరకు తట్టుకుంటుంది. లేనిది ఓడిపోతుంది. మా అక్క కాల్లో జరిగింది ఇదే.

మా అక్క కాల్లోలా రకరకాల లోహాలను ఒకచోట కలపకూడదన్నది నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. 1907లో బెల్జియం సర్జన్ లాంబాట్ విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటు వేసి, బంగారు పూత పూసిన ఉక్కు మేకులు కొట్టాడు. ఎనిమిది రోజుల్లో ప్లేటు ముక్కలై, చర్మం కింద గ్యాసు చేరి ఉబ్బిపోయింది. 1930లలో అమెరికాలో వెనబుల్, స్టక్ అనే డాక్టర్లు జంతువుల ఎముకల్లో వేర్వేరు లోహాలు పెట్టి, వాటి మధ్య బ్యాటరీలో లాగా కరెంటు పుట్టి ఎముక ఎలా దెబ్బతింటుందో చూపించారు. ఆ తర్వాతే క్రోమియం, కోబాల్టు మిశ్రమం ఒంట్లో వాడకానికి గట్టిగా స్థిరపడింది.

మరి ఆ స్క్రూ మా అక్క కాల్లోకి ఎలా వచ్చింది? ఎవరో కావాలని చేశారని నేను అనను, అనడానికి నా దగ్గర ఆధారం లేదు. ప్లేట్లు, స్క్రూలు చాలా ఆసుపత్రులకు ట్రేలలో వస్తాయి. సప్లై చేసే ఏజెన్సీ మనిషి ఆపరేషన్ రోజున సెట్టు తెచ్చిస్తాడు, ఆసుపత్రివాళ్ళు ఆటోక్లేవ్ చేసుకుంటారు (వేడి ఆవిరితో క్రిములను చంపుతారు), వాడినవి పోను మిగిలినవి తిరిగి వెళతాయి. ఖాళీ అయిన గుంటల్లో కొత్త స్క్రూలు పడతాయి. అలా ఎన్ని ఆపరేషన్లు తిరిగాయో, ఏ స్క్రూ ఏ బ్యాచ్‌దో ట్రేని చూసి ఎవరూ చెప్పలేరు. ప్లేటు మీద మార్కు చెక్కడానికి చోటుంటుంది, చిన్న స్క్రూ మీద ఉండదు. సర్జన్ చేతికి అందింది బిగిస్తారు, మధ్యలో ఆగి లోహం పరీక్షించే వీలు ఆయనకు ఎక్కడిది?

ఇది చదివి ఎవరూ టెన్షన్ పడి ప్లేటు తీయించుకోవడానికి పరుగెత్తవద్దని మనవి. సరైన లోహంతో చేసినవి దశాబ్దాల తరబడి ఏ బాధా పెట్టకుండా ఉంటాయి. ప్లేటు దగ్గర నొప్పికి ఎక్కువసార్లు ఇన్ఫెక్షనో, స్క్రూ వదులవడమో, ఎముక సరిగా అతకకపోవడమో కారణం. టైటానియం తుప్పుకు ఇంకా బాగా తట్టుకుంటుంది. అలాగని టైటానియం అన్న పేరు చాలని ఎక్కువ డబ్బు కట్టేసి ఊరుకోవడమూ సరికాదు. అది టైటానియమే అని చెప్పే కాగితం కూడా ఉండాలి కదా. మోకీలు ఇంప్లాంట్ల ధరలకు 2017 ఆగస్టులో కేంద్రం పరిమితి పెట్టినప్పుడు కోబాల్టు క్రోమియం రకానికి రూ. 54,720, టైటానియం రకానికి రూ. 76,600 అని లోహాన్ని బట్టే ధర నిర్ణయించింది. లోహాన్ని బట్టి డబ్బు తీసుకుంటున్నప్పుడు ఆ లోహం పేరు రాసివ్వడానికి అడ్డేముంది?

కాగితం లేకపోతే ఏమవుతుందో దేశం మొత్తానికీ తెలియజెప్పిన ఉదంతం ఒకటుంది. జాన్సన్ అండ్ జాన్సన్ వారి డిప్యూ కంపెనీ ఏఎస్ఆర్ పేరుతో తొంటి కీలు తయారు చేసింది. గిన్నె, బంతి రెండూ కోబాల్టు క్రోమియం లోహమే. లోహం మీద లోహం రాసుకుని, అరుగుదలతోపాటు తుప్పూ కలిసి, కోబాల్టు, క్రోమియం రక్తంలోకి చేరాయి. కీలు చుట్టూ కండ దెబ్బతింది, గడ్డలు కట్టాయి. ఐదేళ్ళలోపే వందలో 12, 13 మందికి కీలు మళ్ళీ మార్చాల్సి వస్తోందని ఇంగ్లండ్, వేల్స్ దేశాల కీళ్ళ రిజిస్ట్రీ లెక్క తేల్చింది. 2003 నుంచి ప్రతి కీలు మార్పిడినీ నమోదు చేస్తున్నారు కాబట్టే వాళ్ళకు ఆ సంగతి తెలిసింది. 2010 ఆగస్టులో కంపెనీ ప్రపంచమంతటా ఆ కీళ్ళను వెనక్కి పిలిచింది.

మన దేశంలో సుమారు 4,700 మందికి ఆ కీళ్ళు పెట్టారు. కేంద్రం డాక్టర్ అరుణ్ అగర్వాల్ అధ్యక్షతన నిపుణుల కమిటీ వేసింది 2017లో. అంటే వెనక్కి పిలిచిన దాదాపు ఏడేళ్ళకు. 2018లో ఆ నివేదిక బయటికొచ్చేసరికి మూడు వేలమందికి పైగా రోగుల ఆచూకీయే దొరకలేదు. అదే ఏడాది నవంబరులో నష్టపరిహారం రూ. 30 లక్షల నుంచి రూ. 1.23 కోట్ల దాకా ఖరారు చేశారు. పరిహారం సంగతి అలా ఉంచండి. తన తొంటిలో ఉన్నది వెనక్కి పిలిచిన సరుకని తెలిస్తే మనిషి వెళ్ళి రక్తంలో కోబాల్టు ఎంతుందో పరీక్ష చేయించుకుంటాడు, కండ పూర్తిగా పోకముందే జాగ్రత్తపడతాడు. ఎవరి ఒంట్లో ఉందో తెలియకుండా ఎవరికని కబురు పంపుతారు? ఆ మూడు వేలమందిలో ఎందరు నొప్పిని వయసు మీదికి నెట్టేసి మంచానపడ్డారో తలుచుకుంటే నాకు కోపమూ దుఃఖమూ రెండూ వస్తాయి.

మనకు నిబంధనలు లేవని కాదు. ఎముకల ఇంప్లాంట్లను 2005లోనే ఔషధ చట్టం కిందికి తెచ్చారు. 2018 జనవరి 1 నుంచి వైద్య పరికరాల నిబంధనలు అమల్లోకి వచ్చాయి. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేబుల్ మీద ఉండాలి. ఉంటాయి కూడా. అయితే ఆ లేబుల్ ప్యాకెట్టు మీద ఉంటుంది, ప్యాకెట్టు ఆపరేషన్ థియేటర్ దాటి బయటికి రాదు. యూరప్‌లో 2021 నుంచి అమలవుతున్న నిబంధనల ప్రకారం ఇంప్లాంటు పెట్టించుకున్న ప్రతి రోగికీ ఒక కార్డు ఇవ్వాలి. అక్కడ కూడా ప్లేట్లకు, స్క్రూలకు మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపును మనం అరువు తెచ్చుకోవద్దని నా విన్నపం. రోడ్డు ప్రమాదాలతో ఇంతమంది ఎముకలు విరుగుతున్న మన దగ్గర కొత్త కీళ్ళవాళ్ళ కంటే ప్లేట్లు, రాడ్లవాళ్ళే ఎక్కువ. ట్రేలలో కలగాపులగమయ్యేవీ అవే.

ఇంకో విషయం మీద కూడా అధికారులు దృష్టి పెట్టాలి. ఒంట్లోంచి తీసిన ఇంప్లాంట్లు 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం నీలం డబ్బాలోకి పోతాయి. శుద్ధి చేసి తుక్కు కింద పంపేస్తారు. ఎవరికీ హాని లేకుండా చేయాలన్న ఉద్దేశం మంచిదే. కానీ నొప్పి వల్లనో, విరిగిపోయిందనో, చుట్టూ కండ నల్లబడిందనో తీసిన ప్రతి ముక్కా ఒక సాక్ష్యం. మా ఫ్యాక్టరీలో ఒక పైపు చిల్లుపడితే ఆ ముక్క కోసి ల్యాబుకు పంపి, కారణం రాసేదాకా ఫైలు మూసేవాళ్ళం కాదు. అదే పద్ధతి ఇక్కడ ఎందుకు ఉండకూడదు? పరీక్షించగలిగినవాళ్ళు మనకు దూరంలో లేరు. వరంగల్ ఎన్ఐటీలో మెటలర్జీ విభాగం ఉంది. హైదరాబాదులో రక్షణశాఖ లోహ పరిశోధనశాల ఉంది, స్వయంగా టైటానియం ఇంప్లాంట్లు తయారు చేసిన ప్రభుత్వ రంగ సంస్థ మిధాని ఉంది. పెద్దాసుపత్రుల ఎముకల విభాగాలు చెడిపోయిన ఇంప్లాంట్లను ఇలాంటి చోట్లకు పంపే ఏర్పాటుకు కావలసింది ఒక ఉత్తర్వు, కొద్దిపాటి కొరియర్ ఖర్చు.

వైద్య పరికరాల వల్ల కలిగిన హానిని నమోదు చేయడానికి 2015లో కేంద్రం మెటీరియోవిజిలెన్స్ అనే కార్యక్రమం పెట్టింది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. డాక్టర్లే కాదు, రోగులు కూడా తెలియజేయవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియదు. నేను ఆ ఫారం తీసుకుని మా అక్క తరఫున నింపడానికి కూర్చున్నాను. ఏం జరిగిందో రాశాను, గన్ రిపోర్టు జత చేశాను. పరికరం పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు అన్న గడుల దగ్గర ఆగిపోయాను. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిని అడిగితే పాత రికార్డు లేదన్నారు. ఏజెన్సీ మారిపోయిందన్నారు. ఆ గడులు ఖాళీగానే పంపాను. ఆ స్క్రూ వచ్చిన డబ్బాలో దాని తోటివి ఇంకెన్ని ఉన్నాయో, అవి ఎవరెవరి కాళ్ళలో ఉన్నాయో ఆ ఖాళీ గడుల వల్లే ఎవరూ కనుక్కోలేరు.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలను నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. డిశ్చార్జి సమ్మరీలో ఇంప్లాంట్ల కోసం విడిగా నాలుగు గడులు పెట్టించండి: లోహం రకం, తయారీదారు, బ్యాచ్ నంబరు, శరీరంలో ఎక్కడ పెట్టారు. ప్యాకెట్టు మీద స్టిక్కర్ ఉంటే ఒకటి రోగి కాగితం మీద, ఒకటి ఆసుపత్రి రికార్డులో అంటించండి. ట్రేలో వచ్చిన సరుకైతే ఏజెన్సీ ఇచ్చే డెలివరీ చలానా మీద బ్యాచ్ నంబర్లు రాయించి, దాని నకలు రోగికి ఇవ్వండి. ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద జరిగే ఆపరేషన్లకు డబ్బు చెల్లించేది ప్రభుత్వమే కాబట్టి, ఈ వివరాలు లేని బిల్లు పాస్ చేయబోమని చెబితే చాలు, ప్రైవేటు ఆసుపత్రులతో సహా అందరూ దారికొస్తారు. ట్రేలలోని స్క్రూలను ఔషధ తనిఖీ అధికారులు అప్పుడప్పుడు గన్‌తో పరీక్షించాలి. ఒక్కో స్క్రూకు నిమిషం కూడా పట్టదు, స్క్రూ పాడవదు.

పాఠకులకు కూడా ఒక మాట. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ నిర్ణయమైతే ఇంప్లాంటు స్టిక్కర్ కావాలని ముందురోజే అడగండి. హడావిడిలో అడగడం కుదరకపోతే డిశ్చార్జి రోజున అడగండి. సిగ్గుపడవలసిందేమీ లేదు, డబ్బు కట్టి కొన్న వస్తువుకు అడిగే కాగితం అది. ఎక్స్‌రేలు, బిల్లులు పారేయకండి. ఎప్పుడైనా ప్లేటు తీయించుకుంటే దాన్ని మీకే ఇమ్మని ముందుగా రాసివ్వండి. లోహం మీద లోహం రాసుకునే తొంటి కీలు ఉన్నవాళ్ళు నొప్పి లేకపోయినా డాక్టరుగారిని కలిసి రక్తంలో కోబాల్టు, క్రోమియం పరీక్ష అవసరమో లేదో కనుక్కోండి.

మా అక్క ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఆ స్క్రూ, ప్లేటు, గన్ రిపోర్టు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఔషధ నియంత్రణ శాఖవారు గానీ, ఏదైనా వైద్య కళాశాలవారు గానీ చూడాలనుకుంటే మీ పత్రిక ద్వారా కబురు చేయండి, నేనే తీసుకొచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగి,
విశాఖపట్నం